అలసిపోయాకే అసలు పరీక్ష

డెహ్రాడూన్ దాటి చక్రాతా రోడ్డు మీద ప్రేమ్‌నగర్ వైపు వెళ్తుంటే, రహదారికి రెండు పక్కలా ఒకే సంస్థ విస్తరించి కనిపిస్తుంది. అదే ఇండియన్ మిలటరీ అకాడమీ (ఐఎంఏ). సుమారు 1,400 ఎకరాలు. ఉత్తరాన మస్సూరీ కొండలు, దగ్గర్లోనే టోన్స్ లోయ, చెట్‌వుడ్ భవనం ముందు విశాలమైన డ్రిల్ స్క్వేర్. చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుంది. ఆ లోయా ఆ కొండలే ఇక్కడి కేడెట్ల తరగతి గదులు.

1932 అక్టోబరు 1న 40 మందితో ఈ అకాడమీ మొదలైంది. అప్పటిదాకా భారతీయుడు సైన్యంలో పూర్తిస్థాయి అధికారి కావాలంటే ఇంగ్లండ్‌లోని శాండ్‌హర్స్ట్‌కి వెళ్లాలి. అక్కడ మనవాళ్లకిచ్చే సీట్లు బహు తక్కువ. ఆ తొలి బ్యాచ్‌లోంచే శామ్ మానెక్‌షా, మహమ్మద్ మూసా, స్మిత్ డన్ వచ్చారు. తర్వాతి కాలంలో ఒకరు భారత సైన్యానికి, ఒకరు పాకిస్తాన్ సైన్యానికి, ఒకరు బర్మా సైన్యానికి అధిపతులయ్యారు. ఒకే మైదానంలో చెమటోడ్చిన కుర్రాళ్లు మూడు దేశాల సేనానులు కావడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లో మూడేళ్లు పూర్తిచేసి వచ్చినవారికి ఇక్కడ ఏడాది శిక్షణ. డిగ్రీ అయ్యాక కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ (సీడీఎస్) పరీక్ష గట్టెక్కి నేరుగా వచ్చినవారికి ఏడాదిన్నర. సిపాయిగా చేరి, ఆర్మీ కేడెట్ కాలేజీలో మూడేళ్లు చదివి, అధికారి హోదా కోసం వచ్చేవారూ ఉంటారు. వారంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. ఆజ్ఞ అందుకోవడం ఎలా ఉంటుందో వారికి ముందే తెలుసు.

తెల్లవారక ముందే రోజు మొదలవుతుంది. పీటీ, డ్రిల్, ఆయుధ శిక్షణ, తరగతులు, మళ్లీ సాయంత్రం ఆటలు. రైఫిలూ సామానూ మోస్తూ 5 కిలోమీటర్లు నిర్ణీత సమయంలో పరిగెత్తాలి. తాడు పట్టుకుని పైకి ఎగబాకాలి. 9 అడుగుల గుంతను ఒక్క దూకులో దాటాలి. డ్రిల్ టెస్టు పాసైతే తప్ప ఊళ్లోకి వెళ్లనివ్వరు. చిన్న తప్పుకి ఫ్రంట్ రోల్స్. ఒక యూనిఫాం విప్పి మరొకటి వేసుకుని నిమిషాల్లో వరసలో నిలబడాలి, మళ్లీ విప్పాలి, మళ్లీ వేసుకోవాలి. ఈ మొత్తం బాదుడుకి కేడెట్లు పెట్టుకున్న పేరు ‘రగడా’.

బయటివాళ్లకి ఇదంతా కండబలం కోసమే అనిపిస్తుంది. నేను అలా అనుకోను. బలం పెంచడమే లక్ష్యమైతే మంచి తిండి, మంచి నిద్ర ఇచ్చి ఇంకా సుఖంగా పెంచవచ్చు. ఇక్కడ అలసటను పనిగట్టుకుని తయారు చేస్తారు. పగలంతా నడిపించి, రాత్రి చేతికి మ్యాపూ కంపాసూ ఇచ్చి, తెలియని అడవిలో దారి వెతుక్కోమంటారు. కళ్లు మూసుకుపోతున్న వేళ, నిన్నటిదాకా పక్కన నడిచిన ఒక కేడెట్‌ని పిలిచి ఈ రోజు ప్లాటూన్ కమాండర్‌వి నువ్వే అంటారు. కుడివైపు గుట్ట మీంచి శత్రువు కాల్పులు మొదలెట్టాడు, ఇద్దరికి గాయాలు, రేడియో పలకడం లేదు. ఏం చేస్తావు? జవాబు అప్పటికప్పుడు, నోటితో, స్పష్టమైన ఆజ్ఞగా రావాలి.

వరసగా 17 గంటలకు మించి మేలుకుంటే మనిషి చురుకుదనం ఒక మోస్తరుగా మద్యం తాగినవాడి స్థాయికి పడిపోతుందని నిద్ర మీద జరిగిన ప్రయోగాల్లో తేలింది. యుద్ధంలో అధికారి నిర్ణయాలు తీసుకునేది సరిగ్గా అలాంటి స్థితిలోనే. అలసినప్పుడు మనిషి సహజంగా తన గురించే ఆలోచిస్తాడు. తన నీళ్ల సీసా, తన కాలి బొబ్బ, తన నిద్ర. ఆ క్షణాన వెనకపడిన సహచరుడి రైఫిల్ కూడా భుజానికెత్తుకున్నవాడిని శిక్షణ ఇచ్చే ఉస్తాదులు గుర్తుపెట్టుకుంటారు. దేశం ముందు, నీ కింద పనిచేసే సైనికుల బాగోగులు తర్వాత, నీ సుఖం అన్నిటికన్నా చివర అన్న సూత్రం చెట్‌వుడ్ హాల్లో చెక్కి ఉంది. దాన్ని చదవడానికి అర నిమిషం చాలు. ఒంటికి పట్టించడానికి ఇన్ని నెలలు కావాలి.

అలాగని బాధ పెట్టేదల్లా శిక్షణ అని ఒప్పుకోను. ఉస్తాద్ కళ్ల ముందు, ఒక ప్రయోజనం కోసం పెట్టే కష్టం వేరు. పెత్తనం చూపించుకోవడానికి రాత్రిపూట సీనియర్ పెట్టే హింస వేరు. రెండోదానివల్ల ఎవరూ నాయకుడు కారు.

మన తెలుగువాళ్లకి ఈ మైదానంతో ఉన్న బంధం చెప్పాలంటే సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబును తలచుకోవాలి. విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఎన్‌డీఏ మీదుగా ఇక్కడికి వచ్చి, 2004 డిసెంబరులో అధికారిగా బయటికి నడిచారు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో 16 బిహార్ బెటాలియన్ కమాండింగ్ అధికారిగా తన జవాన్లతో కలిసి నిలబడి ప్రాణాలిచ్చారు. వెనక ఉండి మనుషుల్ని పంపే అధికారి కాదాయన. మరణానంతరం మహావీర్ చక్ర ప్రకటించారు.

ఏటా జూన్, డిసెంబరుల్లో పరేడ్ ముగిశాక కేడెట్లు చెట్‌వుడ్ భవనం మెట్లెక్కి ‘అంతిమ్ పగ్’ (చివరి అడుగు) దాటుతారు. తర్వాత తల్లిదండ్రులు భుజాలకు నక్షత్రాలు తగిలిస్తారు. పేపర్లలో, టీవీల్లో మనం చూసేది ఆ ఫోటోలే. ఆ మెట్ల దాకా రాలేకపోయినవారి సంగతి చాలాకాలం ఎవరికీ పట్టలేదు. శిక్షణలో వెన్ను విరిగి, తలకు దెబ్బతగిలి, వైద్య కారణాలతో ఇంటికి పంపేసినవారు వారు. 1985 నుంచి ఎన్‌డీఏ, ఐఎంఏల్లో కలిపి అలాంటివారు దాదాపు 500 మంది. శిక్షణలో ఉండగా దెబ్బ తగిలింది కాబట్టి, ఇంకా అధికారి కాలేదు కాబట్టి మాజీ సైనికుడి హోదా ఇవ్వలేదు. వైకల్యాన్ని బట్టి నెలకు రూ. 40,000 దాకా పరిహారం ఇస్తున్నారు. మంచానికే పరిమితమైన కొడుకు వైద్యానికి, అతన్ని చూసుకునే మనిషికి అది ఏ మూలకు?

2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. ఆ తర్వాత మాజీ సైనికుల వైద్య పథకాన్ని వీరికీ వర్తింపజేశారు. మంచిదే, కానీ చాలదు. ఒక ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి అలసట అంచుదాకా తీసుకెళ్లి పరీక్షించే హక్కు దేశానికి ఉందంటే, ఆ అంచున జారిపడ్డవాడికి సైనికుడికిచ్చే వైకల్య పింఛనూ, అతని శక్తికి తగ్గ కొలువూ ఇవ్వాల్సిన బాధ్యతా ఆ దేశానిదే. ప్రమాదం డ్రిల్ స్క్వేర్‌లో జరిగిందా, సరిహద్దులో జరిగిందా అని లెక్క చూడటం ఇకనైనా మానాలి.