రెండు సర్కార్ల నడుమ పద్నాలుగు ఊర్లు

మన బస్తీల ఎవరన్నా జివతి దిక్కు ఊర్ల సంగతి తీస్తే చాలు, "వాళ్ళకేందన్నా, రెండు రేషన్ కార్డులు, రెండు ఓట్లు, దర్జాగ బతుకుతున్నరు" అంటరు. నేను కూడ అట్లనే అనుకునేటోణ్ణి. పోయిన ఎండాకాలం చుట్టాల పెండ్లికి కెరమెరి పోవాల్సి వచ్చింది. రాజురా, గడ్‌చాందూర్, జివతి దాటి ఆ ఊర్ల మీదుగనే పోయినం. ఒక ఊర్ల నీళ్ళు తాగుదామని ఆగితే, ఒక పెద్దమనిషి చెట్టు కింద కూసుండబెట్టి తమ సంగతి చెప్పిండు. అప్పటి నుంచి ఆ దర్జా మాట నా నోట రాలేదు.

పరందోలి, ముకదంగూడ, అంతాపూర్, శంకర్‌లొద్ది, ఇట్లాంటివి మొత్తం 14 ఊర్లు. మన చంద్రపూర్ జిల్లా జివతి తాలూకావని మహారాష్ట్ర అంటది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలానివని తెలంగాణ అంటది. అందుకే అక్కడ అన్నీ రెండేసి. ఇద్దరు సర్పంచులు, మరాఠీ బడి ఒకటి, తెలుగు బడి ఒకటి, ఓటరు లిస్టులు రెండు. లోక్‌సభ ఎలక్షన్లు వస్తే ఇటు చంద్రపూర్ అభ్యర్థి దండం పెడుతడు, అటు ఆదిలాబాద్ అభ్యర్థి దండం పెడుతడు.

ఈ తగాదా ఇయ్యాల్టిది కాదు. నిజాం కాలంల రాజురా తాలూకా అంత ఆదిలాబాద్ జిల్లాలనే ఉండె. 1956ల భాషను బట్టి రాష్ట్రాలు చేసినప్పుడు రాజురాను బొంబాయి రాష్ట్రంల కలిపిన్రు. ముందు నాందేడ్ జిల్లాల పెట్టి, 1959ల చాందా జిల్లాకు ఇచ్చిన్రు. మన చంద్రపూర్‌కు అప్పటి పేరు చాందానే. అట్ల కాయితం మీద గీత గీసిన్రు గాని, గుట్టల మీద, అడవిల ఆ గీత ఎక్కడ పడ్డదన్నది తెగలేదు. తర్వాత మరాఠ్వాడా కరువుకు తాళలేక వచ్చిన మరాఠీ జనం, లంబాడీలు, ముందటి నుంచి ఉన్న గోండులు అక్కడ పొలాలు చేసుకున్నరు. జనం పెరిగితే ఓట్లు పెరిగినయి. ఓట్లు పెరిగినంక రెండు సర్కార్లకూ ఆ ఊర్లు మావే అన్న సంగతి యాదికొచ్చింది.

కొట్లాట కోర్టులకెక్కింది. 1997 నాటి సుప్రీంకోర్టు తీర్పు మా దిక్కే ఉన్నదని మహారాష్ట్ర చెప్తది. అయినా తెలంగాణ బడి నడుస్తనే ఉన్నది, పథకాలు వస్తనే ఉన్నయి. 2025 జూలైల మహారాష్ట్ర రెవెన్యూ మంత్రి చంద్రశేఖర్ బావన్‌కులే ఈ 14 ఊర్లను పూర్తిగ మన జిల్లాల కలుపుకుంటమని చెప్పిండు.

ఇప్పుడు ఆ పెద్దమనిషి మాట వినుండ్రి. మరాఠీ, తెలుగు కలిపి చెప్పిండు. "బియ్యం ఇద్దరిస్తరు, భూమి కాయితం ఒక్కడియ్యడు." ఇటు సాత్‌బారా లేదు, అటు పట్టా పాసుబుక్కు లేదు. కాయితం లేకుంటే బ్యాంకు పంట లోను ఇయ్యది. షావుకారు దగ్గరికి పోవుడే. అడవి హక్కుల చట్టం 2006ల వచ్చింది గదా అని అడిగిన. ఆ చట్టంల గోండుల లెక్క ఎస్టీలైతే 2005 డిసెంబర్ 13 కంటె ముందు నుంచి సాగుల ఉంటే సరిపోతది. ఎస్టీలు కానోళ్ళు మాత్రం మూడు తరాలు, అంటే 75 ఏండ్లు అక్కడనే ఉన్నట్టు రుజువు చూపియ్యాలె. కరువుకు వలస వచ్చినోళ్ళు 75 ఏండ్లు ఎక్కడి నుంచి తెస్తరు? రెంటికి చెడ్డ రేవడి అంటే ఇదే.

కాయితం విలువ మిల్లోళ్ళకు ఒకరు చెప్పాల్నా? నేను చదివింది నాలుగో తరగతి. మిల్లు రిజిస్టర్ల నా పేరు మరాఠీల ఒక తీరు, సొంతూరి కాయితంల తెలుగుల ఇంకో తీరు రాసిన్రు. మిల్లు బందైనంక ఆ ఒక్క అక్షరం కోసం నా పైసలు ఏడాది దాక ఆగినయి. పిల్ల పెండ్లికి మిత్తికి తెచ్చిన. ఒక్క అక్షరానికే నాకు అంత తిప్పలైతే, ఊరు ఊరే లెక్కల తేలకపోతే ఎట్లుంటదో మీరే ఆలోచించుండ్రి.

దేశాల నడుమ కూడ ఇసొంటి చిక్కులున్నయి. మనకు, బంగ్లాదేశ్‌కు నడుమ ఒకరి భూమిల ఇంకొకరి ఊరి ముక్కలు 162 ఉండె. వాళ్ళ దిక్కు మనవి 111, మన దిక్కు వాళ్ళవి 51. యాభై వేలకు పైన జనం ఏ దేశపు హక్కులూ సరిగ్గ లేక బతికిన్రు. 1974ల ఇందిరాగాంధీ, ముజిబుర్ రహ్మాన్ ఒప్పందం చేసుకున్నరు. పని పూర్తయ్యేసరికి 2015 జూలై 31 అర్ధరాత్రి అయింది. నలభై ఒక్క ఏండ్లు! కాని అక్కడ ఒక మంచి పని చేసిన్రు. "మీరు ఏ దేశపోళ్ళుగ ఉంటరు?" అని ఇంటింటికి పోయి అడిగి రాసుకున్నరు.

రెండు దేశాలు 162 ముక్కలు తేల్చుకున్నయి. ఒక్క దేశంల ఉన్న రెండు రాష్ట్రాలు 14 ఊర్లు తేల్చుకోలేవా? రాజ్యాంగంల మూడో అధికరణం కింద రాష్ట్రాల హద్దులు మార్చే హక్కు పార్లమెంటుకు ఉన్నది. రాష్ట్రాల తగాదా తీర్చే అధికారం 131 కింద సుప్రీంకోర్టుకు ఉన్నది. దారి లేక ఆగలేదు. ఓట్లు పోతయని ఇద్దరూ ఆగిన్రని నాకనిపిస్తది.

మనకెందుకు ఈ సంగతి అనకుండ్రి. 2022 డిసెంబర్‌ల బెల్గాం హద్దు మీద మాట పెరిగి బండ్ల మీద రాళ్ళు పడ్డయి. బండ్లు నడిపేటోళ్ళు మనసొంటి కూలి నాలి జనమే. మన పిల్లలు బడిల మరాఠీ, ఇంట్ల తెలుగు మాట్లాడుతున్నరు. హద్దు కొట్లాట భాష కొట్లాట అయితే ముందుగాల దెబ్బ తగిలేది మన బస్తీకే.

ఆ ఊర్లు ఏ రాష్ట్రానికి పోవాలెనో నేను చెప్పను. చెప్పాల్సింది ఆ ఊరోళ్ళు. వాళ్ళను అడగాలె, ముందుగాల భూమి కాయితం చేతిల పెట్టాలె, తర్వాత గీత గియ్యాలె. అప్పటి దాక మనం చేయగలిగింది ఒక్కటే. ఈసారి ఎవరన్నా "రెండు రేషన్లు" అని నవ్వితే, "భూమి కాయితం ఒక్కటన్నా ఉన్నదా?" అని అడుగుండ్రి.