లింకు పెట్టినోళ్లదే జిమ్మేదారి

ఊర్లల్ల మన పిల్లలు ఫోన్ల లింకులు పెట్టి కమీషన్ సంపాయిస్తున్నరు. మంచిదే. కానీ 'ఈ పొడి తాగితే నెలకు 10 కిలోలు తగ్గుతరు' అని రాస్తే? "కంపెనీ చెప్పింది, నేను చెప్పిన" అంటే చెల్లదు తమ్మీ. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అబద్ధపు ప్రచారానికి 10 లక్షల దాకా జరిమానా, మళ్ల చేస్తే 50 లక్షల దాకా. ఏడాది దాకా ప్రచారమే చెయ్యకుండ ఆపొచ్చు. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకైతే 2025 చట్టంల ప్రచారం చేసినోళ్లకు రెండేండ్ల దాకా జైలు రాసి ఉంది.

నేను చెప్పేది ఒక్కటే. కంపెనీని రుజువు అడుగు, దాన్ని దాచిపెట్టుకో. నిజమా కాదా అని ముందే సరిగ్గ విచారించుకున్నోళ్లకు ఆ 2019 చట్టమే జరిమానా నుంచి మినహాయింపు ఇస్తది. 'కొంటే నాకు కమీషన్ వస్తది' అని లింకు పక్కనే తెలుగుల రాయి. నిన్ను నమ్మి కొనేది మీ ఊరోళ్లే గదా!