జెట్ బోటు ఇంజన్ పునర్నిర్మాణం: టార్క్, విశ్వసనీయత

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• జెట్ పంపు ఇంజన్‌పై వేసే భారం వేగాన్నిబట్టి ఎలా మారుతుందో లెక్కించగలుగుతారు.
• టార్క్ పెంచే మార్పుల ఫలితాన్ని అంచనా వేయగలుగుతారు.
• ఇంజన్ మధ్యలో ఆగిపోకుండా తీసుకోవలసిన జాగ్రత్తలను వివరించగలుగుతారు.

1. పరిచయం

కారు ఇంజన్‌ను విప్పి, కొలిచి, తిరిగి అమర్చే క్రమం మీకు తెలుసు. అదే ఇంజన్‌ను జెట్ బోటులో వాడినప్పుడు ఏం మారుతుందో ఇక్కడ చూద్దాం.

న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని చాలా నదుల్లో లోతు తక్కువ, వడి ఎక్కువ. పడవ అడుగున ఉండే ప్రొపెల్లర్ అక్కడి రాళ్లకు తగిలి దెబ్బతింటుంది. ఈ ఇబ్బందిని తొలగించడానికి బిల్ హామిల్టన్ 1950లలో జెట్ బోటును అభివృద్ధి చేశాడు. ఇందులో పంపు పడవ అడుగు నుంచి నీటిని పీల్చి, వెనుక నాజిల్ గుండా వేగంగా చిమ్ముతుంది. 1977లో ఎడ్మండ్ హిల్లరీ బృందం గంగాసాగర్ నుంచి గంగానదికి ఎదురెక్కింది ఇలాంటి పడవల్లోనే.

జెట్ బోటుకు విడిగా చుక్కాని ఉండదు. చిమ్మే నీటిని పక్కకు మళ్లిస్తేనే పడవ తిరుగుతుంది. కాబట్టి ఇంజన్ ఆగిందంటే తోపుడు బలంతోపాటు దిశపై అదుపు కూడా పోతుంది. వడి నీటిలో, రాళ్ల మధ్య ఇది ప్రాణాపాయం. అందుకే ఇక్కడ విశ్వసనీయతకు అంత ప్రాధాన్యం.

2. పంపు వేసే భారం

కారులో గేర్లు మార్చి భారాన్ని సర్దుకోవచ్చు. చిన్న జెట్ బోట్లలో చాలావరకు క్రాంక్‌షాఫ్ట్ నేరుగా ఇంపెల్లర్‌ను తిప్పుతుంది. ఇంపెల్లర్‌కు కావలసిన టార్క్ భ్రమణ వేగపు వర్గానికి, సామర్థ్యం ఘనానికి దాదాపు అనులోమానుపాతంలో ఉంటాయి.

ఉదాహరణ: ఒక ఇంజన్ నిమిషానికి 4000 భ్రమణాల వద్ద 500 న్యూటన్-మీటర్ల టార్క్ ఇస్తోందనుకుందాం.

సామర్థ్యం = 2 × 3.1416 × 4000 × 500 ÷ 60 = 2,09,440 వాట్లు, అంటే సుమారు 209 కిలోవాట్లు.

వేగాన్ని 4400కు పెంచాలంటే:
టార్క్ = 500 × 1.1 × 1.1 = 605 న్యూటన్-మీటర్లు
సామర్థ్యం = 209.44 × 1.331 = సుమారు 279 కిలోవాట్లు

వేగం పదో వంతు పెరగడానికి సామర్థ్యం దాదాపు మూడో వంతు పెరగాలని గమనించండి. 6000 భ్రమణాల వద్ద గరిష్ఠ సామర్థ్యం ఇచ్చే ఇంజన్‌ను తెచ్చి పెట్టినా, ఇంపెల్లర్ దాన్ని 4500 దగ్గరే ఆపేస్తే ఆ సామర్థ్యం కాగితం మీదే మిగులుతుంది. ఇంజన్ నిజంగా తిరిగే వేగం వద్ద ఎంత టార్క్ ఉందన్నదే ముఖ్యం.

3. టార్క్ పెంచడం

షెవ్రొలే 350 అనే వి-8 ఇంజన్‌ను తీసుకుందాం. దీని బోర్ 101.6 మి.మీ., స్ట్రోక్ 88.4 మి.మీ. పునర్నిర్మాణంలో బోర్‌ను 102.4కు కోసి, 95.25 మి.మీ. స్ట్రోక్ ఇచ్చే క్రాంక్‌షాఫ్ట్‌ను అమర్చడం బాగా తెలిసిన పద్ధతి. ఇంజన్ ఘనపరిమాణం సుమారు 5.7 లీటర్ల నుంచి 6.3 లీటర్లకు, అంటే 9 శాతానికి పైగా పెరుగుతుంది. టార్క్ కూడా దాదాపు అదే నిష్పత్తిలో పెరిగితే, వేగం 4000 నుంచి సుమారు 4180కి చేరుతుంది. ఇది కొంచెమే అనిపించవచ్చు. కానీ తోపుడు బలం కూడా సుమారు వేగపు వర్గాన్నిబట్టే పెరుగుతుంది. బరువుతో ఉన్న పడవ నీటిపైకి లేచి జారడానికి ఆ 9 శాతం ఎంతో ఉపకరిస్తుంది.

క్యామ్‌షాఫ్ట్ ఎంపికలో తొందరపడకూడదు. రేసు కారు క్యామ్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరచి ఉండే వ్యవధి ఎక్కువ. పడవల్లో ఎగ్జాస్ట్‌ను చల్లబరచడానికి అందులోకి నీటిని వదులుతారు. తక్కువ వేగంలో ఆ నీటి తుంపరలు సిలిండర్‌లోకి వెనక్కి వచ్చి తుప్పు పట్టించగలవు. కాబట్టి ఆ వ్యవధి తక్కువగా ఉన్న క్యామ్‌నే ఎంచుకోవాలి.

4. విశ్వసనీయత

కారు ఇంజన్ పూర్తి భారంతో నడిచేది కొద్ది క్షణాలే. జెట్ బోటు ఇంజన్ అధిక భారాన్ని చాలాసేపు మోయాలి. అందువల్ల:

• క్రాంక్‌షాఫ్ట్‌లో, బ్లాక్‌లో పగుళ్లు ఉన్నాయేమో అయస్కాంత పరీక్షతో చూడాలి. తిరిగే భాగాలను బ్యాలెన్స్ చేయించాలి.
• బేరింగ్ ఖాళీని ప్రతి జర్నల్ వద్ద కొలవాలి. వ్యాసంలో వెయ్యో వంతు అన్నది వాడుకలో ఉన్న సూత్రం. 62 మి.మీ. జర్నల్‌కు ఇది సుమారు 0.06 మి.మీ.
• పడవ ఎగిరిపడినప్పుడు ఆయిల్ ఒక పక్కకు పోతుంది. లోపల అడ్డుపలకలున్న పెద్ద సంప్, ఆయిల్ కూలర్ అవసరం.
• నది నీటితోనే చల్లబరిచే ఇంజన్‌లో ఇసుక చేరకుండా వడపోత ఉండాలి. బ్లాక్ చల్లగా ఉండగా పిస్టన్ త్వరగా వేడెక్కి వ్యాకోచిస్తుంది. అందుకే ఫోర్జ్డ్ పిస్టన్లకు తయారీదారు సూచించిన ఖాళీని పాటించి, ఇంజన్ వేడెక్కాకే భారం పెట్టాలి.
• పంపు గాలిని పీల్చితే భారం ఒక్కసారిగా తగ్గి ఇంజన్ వేగం పెరిగిపోతుంది. ఇగ్నిషన్‌లో వేగ పరిమితి ఏర్పాటు తప్పనిసరి.
• పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. అది పడవ అడుగున చేరుతుంది. అందుకే నిప్పురవ్వ బయటికి రాని మెరైన్ స్టార్టర్, ఆల్టర్నేటర్‌లనే వాడాలి.

5. సారాంశం

ముందు పంపును, తరువాత ఇంజన్‌ను చూడండి. ఇంపెల్లర్ అనుమతించే వేగం వద్ద టార్క్‌ను పెంచండి. పెంచిన ప్రతి న్యూటన్-మీటర్‌ను గంటల తరబడి మోయగల బేరింగులు, ఆయిల్, చల్లదనం ఉన్నాయో లేదో సరిచూసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఇంపెల్లర్ వేగం 3000 నుంచి 3600 భ్రమణాలకు పెరిగితే టార్క్, సామర్థ్యం ఎన్ని రెట్లవుతాయి?
2. రేసు కారు క్యామ్‌షాఫ్ట్ జెట్ బోటుకు ఎందుకు తగదు?

మొదటి ప్రశ్నకు జవాబు: టార్క్ 1.44 రెట్లు, సామర్థ్యం సుమారు 1.73 రెట్లు. రెండో ప్రశ్నకు జవాబును 3వ విభాగంలో చూడండి.