ఎత్తుకొచ్చిన వ్యంగ్యం, అంటగట్టిన కుట్ర

ఆదివారం ఖైరతాబాద్ నుంచి అబిడ్స్ వెళితే, పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాల నడుమ హిట్లర్ 'మైన్ కాంఫ్' కనిపించడం మనకు వింత కాదు. దాన్ని పట్టుదల నేర్పే ఆత్మకథగా కొనే విద్యార్థులు, అందులోని 'యూదుల కుట్ర' ఎక్కడ పుట్టిందని అడగరు. అది పుట్టింది సాహిత్య చౌర్యంలో!

1864లో మారిస్ జోలీ అనే ఫ్రెంచి రచయిత మూడో నెపోలియన్ నిరంకుశత్వాన్ని ఎండగడుతూ, నరకంలో మాకియవెల్లీ, మాంటెస్క్యూల సంవాదం రాసి జైలుకెళ్ళాడు. అందులో యూదుల కుట్ర ఊసే లేదు. 1868లో గోడ్షె అనే జర్మన్ నవలాకారుడు ప్రాగ్ శ్మశానంలో యూదు పెద్దల రహస్య సమావేశాన్ని కల్పించాడు. అలాంటి కల్పన చట్రంలో జోలీ వాక్యాలు పొదిగి, 'సియోను పెద్దల ప్రోటోకాల్స్' పేరిట 1903లో రష్యాలో క్రుషెవాన్ తన పత్రికలో అచ్చువేశాడు. ఆ ఏడే కిషినేవ్ ఊచకోతకు నిప్పు రాజేసింది అతని మరో పత్రిక. నియంతను ఎత్తిపొడిచిన మాటలే జార్ భక్తుల చేతిలో ఆయుధాలైనాయి. ప్రజల ఆగ్రహం పాలకుల మీదికి పోకుండా పొరుగువాడి మీదికి మళ్ళింది.

1921లో లండన్ 'టైమ్స్' విలేఖరి ఫిలిప్ గ్రేవ్స్ రెండు గ్రంథాలనూ పక్కపక్కన పెట్టి దొంగతనాన్ని రుజువు చేశాడు. మన ఎం.ఏ. తరగతుల్లో విసుక్కుంటూ చేసే పాఠపరిశీలనే అది. అయినా, పత్రికలు నకిలీ అనడమే అది అసలుదనడానికి రుజువని హిట్లర్ 'మైన్ కాంఫ్'లో వాదించాడు. 2020లో కరోనాను ఒక మతం వారి కుట్రగా ప్రచారం చేసిన మన ఊళ్ళలోనూ, కాదన్నవాడిని అందులో భాగస్వామి అన్నారు.