డిస్పోజబుల్ అంటే ఏమిటి?

పెళ్లి భోజనాల దగ్గర డిస్పోజల్ గ్లాసులు అంటాము. ఆసుపత్రిలో డిస్పోజబుల్ సిరంజి తెమ్మని చీటీ రాసి ఇస్తాము. రెండూ ఒకే ఇంగ్లీషు మాట నుండి వచ్చినవే. ఆ మాటకు రెండు అర్థాలున్నాయి. మొదటిది, మన ఇష్టప్రకారం వాడుకోదగినది. పన్నులు పోగా చేతికి మిగిలే ఆదాయాన్ని డిస్పోజబుల్ ఇన్‌కమ్ అనేది ఈ అర్థంలోనే. రెండవది, వాడిన తరువాత పారవేయవలసినది. సిరంజికి వర్తించేది ఈ రెండవ అర్థమే.

మేము నర్సింగ్ నేర్చుకునే రోజుల్లో గాజు సిరంజిలను ఉడికించి మళ్లీ వాడేవారు. నేటి ప్లాస్టిక్ సిరంజి అందుకు తయారైనది కాదు. ప్యాకెట్ మీద గుండ్రని గీతలో 2 అంకె, దాని మీద అడ్డగీత ఉంటాయి. రెండవసారి వాడరాదని దాని భావం. చదువు రానివారు కూడా ఈ గుర్తును పోల్చుకోవచ్చు.

కొందరు సూది మార్చి, సిరంజి మాత్రం అదే వాడుతుంటారు. ఇది చాలా ప్రమాదం. కంటికి కనిపించనంత రక్తం సిరంజిలోకి వెనక్కి వస్తుంది. దాని ద్వారా హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. ఒకరి నుండి మరొకరికి సోకవచ్చు. హెపటైటిస్ బి వైరస్ శరీరం వెలుపల కూడా కనీసం 7 రోజులు బ్రతికి ఉండగలదు. ఇన్సులిన్ పెన్ను విషయమూ ఇంతే. సూది మార్చినా ఒకరి పెన్ను మరొకరు వాడరాదు, భార్యాభర్తలైనా సరే.

కనుక సూదిమందు ఎక్కడ వేయించుకున్నా, "కొత్త ప్యాకెట్ నా ఎదుట విప్పండి" అని అడగండి. అందుకు మొహమాటపడవద్దు.

ఇక పారవేయడం అంటే విసిరివేయడం కాదు. లాటిన్‌లో ఈ మాటకు మూలార్థం సర్దడం, తగిన చోట అమర్చడం. 2016 నాటి నిబంధనల ప్రకారం ఆసుపత్రుల్లో సూదులను గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో, సూది తీసిన సిరంజిలను, సెలైన్ గొట్టాలను, గ్లౌజులను ఎర్ర సంచిలో, రక్తం అంటిన దూదిని, కట్లను పసుపు సంచిలో వేయాలి.

ఇంట్లో ఇన్సులిన్ తీసుకునేవారు ఇలా చేయండి:

1. వాడిన సూదిని వంచవద్దు, విరవవద్దు.
2. మూత ఉన్న మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, పిల్లలకు అందని చోట ఉంచండి.
3. ముప్పావు వంతు నిండగానే మూత బిగించి, ఆసుపత్రిలో అప్పగించండి.

చెత్తబుట్టలో వేసిన సూది రేపు చెత్త ఎత్తే అమ్మ చేతికి గుచ్చుకుంటుంది. అలా ఎవరికైనా గుచ్చుకుంటే, ఆ చోటును పిండకుండా సబ్బునీళ్లతో కడిగి, వెంటనే ఆసుపత్రికి పంపండి. హెచ్.ఐ.వి. రాకుండా ఇచ్చే మందులు 72 గంటలలోపే మొదలుపెట్టాలి. ఎంత త్వరగా వస్తే అంత మేలు.