విద్యుత్తంత్రిపై గమకం

ఉప్పల్ నుండి వరంగల్లు రహదారి మీదుగా నారపల్లికి బస్సులో వెళ్లే విద్యార్థులలో చెవికి ఇయర్‌ఫోన్ తగిలించుకోనివారు అరుదు. 2018లో ఆరంభమైన పైవంతెన పని యేళ్ల తరబడి సాగినందున, బోడుప్పల్, మేడిపల్లి దాటేలోగా ఒక ఆల్బమ్ సాంతం వినడానికి వ్యవధి చిక్కిన రోజులూ ఉన్నవి. ఆ వినికిడి అంతా యంత్రఘోష అనీ, అందులో సంగీతం లేదనీ ఉపాధ్యాయుల ఫిర్యాదు. దానిని పూర్తిగా తోసిపుచ్చలేము. కాని విద్యుత్తు సోకిన ప్రతి నాదాన్నీ వెలివేసే ముందు, పాలకొల్లు బాలుడొకడు సాధించిన పనిని తెలుసుకోవలసి ఉన్నది.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో జన్మించారు. ఆరవయేట తండ్రి సత్యనారాయణగారి మాండలిన్ చేతబట్టారు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. గాత్రజ్ఞులే గాని మాండలిన్ వాదన ఎరుగరు. గురువు పాడేవారు, శిష్యుడు తీగమీద పలికించేవాడు. చిక్కంతా ఇక్కడే ఉన్నది. మాండలిన్ ఇటలీ వాద్యం. దానికి నాలుగు జంటలుగా ఎనిమిది తంత్రులు. మీటిన స్వరం క్షణంలో ఆరిపోతుంది. జంట తంత్రులు పక్కకు లాగితే సులువుగా లొంగవు. గమకం పలకని వాద్యం మీద తోడి ఎట్లా నిలుస్తుంది? శ్రీనివాస్ జంటలను విడిచి, ఒంటి తంత్రులు గల విద్యున్మాండలిన్‌ను స్వీకరించారు. తరువాత ఐదవ తంత్రిని చేర్చుకున్నారు. తీగ కంపనాన్ని అయస్కాంతం విద్యుత్తుగా మారుస్తుంది, ఆంప్లిఫయర్ దానిని పెంచుతుంది. ఆరిపోయే స్వరం వినవచ్చేంతసేపు నిలుస్తుంది, నిలిచినదానినే ఊపగలం. విద్యుత్తును ఆయన ఆశ్రయించినది ఆర్భాటానికి కాదు, గమకానికి.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో ఆయన తొలి కచేరీ. ఈ పరదేశి వాద్యానికి కచేరీ యోగ్యత కలదా అన్న శంక మద్రాసు సంప్రదాయజ్ఞులలో మొదట లేకపోలేదు. విన్న తరువాత అది నిలువలేదు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి ఆయనకు పద్నాలుగేండ్లు. 2014 సెప్టెంబరు 19న, నలభై ఐదవయేట, చెన్నైలో కన్నుమూశారు.

ఇంగ్లండులోని రియల్ వరల్డ్ సంస్థ ప్రకటించిన ఆయన ఆల్బములు రెండు తప్పక వినదగినవి. ముందు 1994 నాటి 'రామ శ్రీరామ' వినవలెను. అది సంప్రదాయ కర్ణాటక వాదనం. ఆ తరువాతనే 1995 నాటి 'డ్రీమ్'. ఇందులో ఆయనకు తోడైన కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్, స్వరాన్ని కోరినంతసేపు నిలిపే 'ఇన్ఫినిట్ గిటార్'ను రూపొందించినవాడు. ఇద్దరిదీ ఒకే తపన అన్నమాట! 'డ్రీమ్'లో రాగవిస్తారం కన్న నాదవాతావరణానికే పెద్దపీట. కచేరీ ఆశించి విన్నవారికి అది కొంత వెలితిగా తోచవచ్చు.

సినిమాకు వెలుపలి సంగీతం మనకు కొత్త విషయం కాదు. గ్రామఫోను కాలంనుండీ దానిని 'ప్రైవేటు పాట' అంటూనే ఉన్నాము. ఘంటసాల 'పుష్పవిలాపం' రికార్డు వినని తెలుగు ఉపాధ్యాయుడు ఉంటాడా?

మాండలిన్‌లో నాదం తీగది. విద్యుత్తు ఊతం మాత్రమే. నాదాన్నే విద్యుత్తుతో పుట్టించే యంత్రం సింథసైజర్. అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ 1969లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో మూగ్ సింథసైజర్‌తో ప్రయోగశాల నెలకొల్పారు. అక్కడ గీతా సారాభాయి మొదలైనవారు చేసిన ప్రయోగాలు 2023లో 'ది ఎన్.ఐ.డి. టేప్స్' పేరిట వెలువడినవి. చరిత్ర కోసం వినదగినవి. మాధుర్యం కోసం కాదు.

బొంబాయి సినిమా వాద్యబృందాలలో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో హెచ్.ఎం.వి. ద్వారా వెలువరించిన 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' మాటవేరు. నాడు దానిని పట్టించుకున్నవారు స్వల్పం. 2010లో పునర్ముద్రణ పొందిన తరువాత ప్రపంచం ఆశ్చర్యపోయినది. ఆయన వాడిన రోలాండ్ టి.బి.–303 యంత్రానికి ఒక స్వరంనుండి మరొక స్వరానికి జారే గుణం ఉన్నది. ఆ జారుడులో ఆయనకు రాగం వినిపించినది. అయిదేండ్ల అనంతరం షికాగో యువకులు అదే యంత్రంతో 'యాసిడ్ హౌస్' అనే నృత్యసంగీతాన్ని ప్రచారంలోకి తెచ్చిరి. దోషం లేకపోలేదు: తాళయంత్రం పది రాగాలకూ ఒకే దెబ్బ వేస్తుంది. ఒక్క కూర్చున్నపట్టున పదీ వింటే విసుగు తప్పదు. దినానికి రెండు చాలు.

అందులోని భూపాలి మన మోహనం, యమన్ మన కల్యాణికి దగ్గర, మాల్కౌస్ మన హిందోళం. తరగతిలో ఆ మాల్కౌస్‌ను వినిపించి, వెంటనే శ్రీనివాస్ మాండలిన్‌పై హిందోళం వినిపిస్తే, యంత్రం ఎక్కడ జారుతున్నదో, వేలు ఎక్కడ ఊగుతున్నదో పదవ తరగతి పిల్లలే చెప్పగలరు.