మీకు తెలుసా? మంచుపువ్వుకు గంజి పెడతారు!

క్రిస్మస్ చెట్టుకు వేలాడే తెల్లటి నూలు మంచుపువ్వుకు కావలసింది కొక్కెం ఉన్న ఒక్క క్రోషియా సూది, కాస్త దారం. గొలుసు కుట్లతో చిన్న వలయం వేసి, దాని చుట్టూ ఆరు రేకులు అల్లుతారు. ఆరే ఎందుకంటే, అసలు మంచు స్ఫటికానికీ ఆరు కోణాలే. ఎనిమిది వేస్తే అందంగానే ఉంటుంది గానీ అది మంచు కాదు! అల్లిక వాలిపోకుండా గంజిలోనో చిక్కటి పంచదార నీళ్లలోనో ముంచి, గుండుసూదులతో సాగదీసి ఆరబెడతారు. (పంచదారైతే చీమల సంగతి చూసుకోవాలి.) స్వెట్టర్లను యంత్రాలే అల్లేస్తున్నా, క్రోషియా మాత్రం నేటికీ దాదాపుగా చేతిపనే. నరసాపురం మహిళలకు ఈ సూది కొత్తేమీ కాదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడికి తెచ్చిన లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.